నల్లచట్టాల నడుమ పెరిగిన రైతుబిడ్డ భగత్‌సింగ్

భగత్‌సింగ్ పటం లేని కూలీ సంఘం ఆఫీసు అరుదు. అసెంబ్లీలో బాంబు వేశాడు, ఉరికంబం ఎక్కాడు అని చిన్నపిల్లవాడిని అడిగినా చెపుతాడు. కానీ ఆ బాంబు ఏ చట్టాలకు వ్యతిరేకంగా వేశాడు, ఆ చట్టాలు చివరికి ఏమయ్యాయి, అది చూసి అతను ఏం నేర్చుకున్నాడు అనేది మనలో చాలామందికి తెలియదు. కూలీనాలీ చేసుకునే మనకు ముఖ్యంగా కావలసిన సంగతి అదే.

భగత్‌సింగ్ 1907 సెప్టెంబరు 28న పంజాబులోని లయల్‌పూర్ జిల్లా బంగా గ్రామంలో పుట్టాడు. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. చీనాబ్ కాలువ కింద బీడు కొట్టి సాగులోకి తెచ్చిన రైతుల ప్రాంతమది. తాత అర్జున్‌సింగ్ కుటుంబం కూడా అలా వెళ్ళి స్థిరపడినదే. ఆ రైతుల మెడకు 1906లో తెల్లదొరల ప్రభుత్వం ఒక బిల్లు తగిలించింది. భూమి పెద్దకొడుక్కే దక్కాలి, వారసుడు లేకపోతే సర్కారుకు పోవాలి. చెట్టు కొట్టాలన్నా ఇల్లు కట్టాలన్నా ఆంక్షలే. అది చాలదన్నట్టు బారీ దోఆబ్ కాలువ నీటితీరువా పెంచారు.

భగత్‌సింగ్ బాబాయి అజిత్‌సింగ్, లాలా లజపతిరాయ్ రైతులను కదిలించారు. 1907 మార్చిలో లయల్‌పూర్ సభలో బాంకే దయాళ్ రైతు తలపాగా మీద కట్టిన పాట పాడితే అది ఊరూరా పాకింది. విద్యార్థులు కూడా సభలకు వస్తుంటే, రాజకీయ సభలకు వెళ్ళరాదని ఆ మే నెలలోనే సర్కారు సర్క్యులర్ తెచ్చింది. లజపతిరాయ్‌ని, అజిత్‌సింగ్‌ని బర్మాలోని మాండలే జైలుకు పంపింది. అయినా రైతులు తగ్గలేదు. పంజాబు రైతుల కొడుకులే సైన్యంలో ఉన్నారు గనుక దొరలకు భయం పట్టింది. చివరికి వైస్రాయి మింటో ఆ బిల్లుకు ఆమోదం ఇవ్వలేదు. అది అక్కడే చచ్చింది.

భగత్‌సింగ్‌కు పదకొండేళ్ళప్పుడు, 1919లో, రౌలట్ చట్టం వచ్చింది. విచారణ లేకుండా మనిషిని రెండేళ్ళదాకా నిర్బంధించవచ్చు. దానికి వ్యతిరేకంగా దేశం లేచింది. ఏప్రిల్ 13న అమృత్‌సర్ జలియన్‌వాలాబాగ్‌లో జనాన్ని కాల్చి చంపారు. సర్కారు ఒప్పుకున్న లెక్కే 379 మంది. సహాయ నిరాకరణ పిలుపు వచ్చినప్పుడు భగత్‌సింగ్ చదువుతున్న బడి వదిలి, అలా బయటికొచ్చిన విద్యార్థుల కోసం లాహోరులో పెట్టిన నేషనల్ కాలేజీలో చేరాడు.

1926లో ఆ కాలేజీ కుర్రవాళ్ళే నౌజవాన్ భారత్ సభ పెట్టారు. భగత్‌సింగ్ దాని కార్యదర్శి. మతం పేర, కులం పేర కొట్లాటలు జరుగుతున్న రోజుల్లో సభవాళ్ళు అందరినీ ఒక్క బంతిలో కూర్చోబెట్టి అన్నాలు పెట్టారు. 1928లో కిర్తీ పత్రికలో భగత్‌సింగ్ అంటరానితనం మీద వ్యాసం రాశాడు. అంటరానివాళ్ళనబడేవాళ్ళే అసలైన శ్రమజీవులని, తమ కాళ్ళమీద తామే సంఘటితం కావాలని అందులో కోరాడు. ఇది కూలీ పేటల్లో చదివి వినిపించవలసిన వ్యాసం.

అదే ఏడాది అక్టోబరు 30న లాహోరులో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా ఊరేగింపు జరిగింది. పోలీసు లాఠీదెబ్బలు తిన్న లజపతిరాయ్ నవంబరు 17న చనిపోయారు. దానికి ప్రతీకారంగా భగత్‌సింగ్, అతని మిత్రులు సాండర్స్ అనే పోలీసు అధికారిని చంపారు. ఒక అధికారి పోయాడు. అణచివేత పోలేదు.

1929లో ప్రభుత్వం రెండు బిల్లుల కోసం పట్టుబట్టింది. ఒకటి పబ్లిక్ సేఫ్టీ బిల్లు. ఇది కార్మికోద్యమంలో పనిచేసే విదేశీ కమ్యూనిస్టులను వెళ్ళగొట్టడానికి. రెండోది ట్రేడ్ డిస్ప్యూట్స్ బిల్లు. ఒక పరిశ్రమ కార్మికులకు మద్దతుగా ఇంకో పరిశ్రమవాళ్ళు చేసే సమ్మెలను కట్టడి చేయడానికి. ఏప్రిల్ 8న ఢిల్లీ అసెంబ్లీలో భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్ ఎవరూ చావకుండా ఖాళీచోట బాంబులు వేసి, కరపత్రాలు చల్లి, పారిపోకుండా దొరికిపోయారు. దేశమంతా ఆ మాట మోగింది. కానీ సమ్మెల బిల్లు చట్టమైంది. రెండోదాన్ని వైస్రాయి ఆ నెలలోనే ఆర్డినెన్సుగా తెచ్చాడు.

జైలులో రాజకీయ ఖైదీల హక్కుల కోసం నిరాహారదీక్ష సాగింది. 63 రోజులు పస్తుండి జతిన్ దాస్ సెప్టెంబరు 13న ప్రాణం విడిచాడు. ముద్దాయిలు లేకుండానే విచారణ జరిపే బిల్లు పెట్టారుగాని అసెంబ్లీలో అది సాగలేదు. అందుకని 1930 మే 1న ఆర్డినెన్సుతో ప్రత్యేక ట్రిబ్యునల్ వేశారు. హైకోర్టుకు అప్పీలు కూడా లేదు. ఒక కుర్రవాణ్ణి ఉరితీయడానికే సర్కారు కొత్త చట్టం చేసుకోవలసి వచ్చింది! 1931 మార్చి 23 సాయంత్రం రాజగురు, సుఖదేవ్‌లతోపాటు అతన్ని ఉరితీశారు. అప్పటికి 23 ఏళ్ళు.

జైలులో భగత్‌సింగ్ చాలా చదివాడు, చాలా ఆలోచించాడు. 1929 అక్టోబరులో పంజాబు విద్యార్థుల మహాసభకు దత్‌తో కలిసి సందేశం పంపుతూ, పిస్తోళ్ళు బాంబులు పట్టమని చెప్పలేదు. ఫ్యాక్టరీలకు, గుడిసెలకు, పల్లెలకు వెళ్ళమన్నాడు. ఉరికి ఏడు వారాల ముందు రాసిన రాతలో, విప్లవ సైన్యం పల్లెల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ ఉందని, అది రైతులూ కార్మికులేనని తేల్చాడు. తను పుట్టిన ఏడు రైతులు బిల్లును చంపారు. తను బాంబు వేసిన ఏడు బిల్లు బతికింది. ఈ తేడాను అతను అర్థం చేసుకున్నాడని మేం అనుకుంటున్నాం.

2020లో తెచ్చిన మూడు వ్యవసాయ చట్టాల మీద ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా కూర్చున్న రైతులు 2021 ఫిబ్రవరి 23న అజిత్‌సింగ్‌ను, మార్చి 23న భగత్‌సింగ్‌ను తలుచుకున్నారు. ఆ నవంబరులో పార్లమెంటు ఆ చట్టాలను రద్దు చేసింది. కదిలింది జనం గనుకనే అది జరిగింది.

కాబట్టి పటానికి దండ వేసి ఊరుకుంటే చాలదు. కొత్త చట్టం వచ్చినప్పుడు అందులో ఏముందో మన పేటల్లో ఎంతమందికి తెలుస్తోంది? కాలేజీకి వెళ్ళే మన పిల్లలు దాన్ని తెచ్చి, సాయంత్రం పని నుంచి వచ్చిన అమ్మకూ అయ్యకూ తేట తెలుగులో చదివి చెప్పాలి. భగత్‌సింగ్ విద్యార్థులకు అప్పగించి వెళ్ళిన పని ఇదే.