నాటకానికి, వెండితెరకు వారధి.. తాడిపత్రి బిడ్డ కె.వి.రెడ్డి

గోరంట్ల: చిత్రావతి తీరాన ఉన్న గోరంట్ల మొదలుకొని పెన్న ఒడ్డున ఉన్న తాడిపత్రి దాకా అనంత పల్లెల్లో పద్యనాటకానికి ఉన్న ఆదరణ ఇంతా అంతా కాదు. వానలు మొహం చాటేసిన ఏటిలోనూ జాతరకో, పరుషకో చందాలు వేసుకుని నాటకం ఆడించే ఊళ్లు ఈ కరవు సీమలో ఉన్నాయి. హార్మోనియం శ్రుతి అందుకున్నదంటే తెల్లవారే వరకు జనం కదలరు. అదే కథను తెరపై చూసి వచ్చిన వారు నాటకం గొప్పదా, సినిమా గొప్పదా అని రచ్చబండ వద్ద వాదులాడుకోవడమూ కొత్త కాదు.

ఆ వాదనకు మాటలతో కాక తన చిత్రాలతో సమాధానం చెప్పిన దర్శకుడు ఈ గడ్డపైనే జన్మించారు. ఆయనే కదిరి వెంకటరెడ్డి. లోకానికి కె.వి.రెడ్డి. మాయాబజార్ దర్శకునిగానే ఆయనను ఎక్కువ మంది ఎరుగుదురు. అయితే ఆంగ్ల, నార్వే నాటకాలను సైతం తెలుగు ఇళ్లలోకి, తెలుగు వీధుల్లోకి తెచ్చిన ఘనత ఆయనదని ఎరిగిన వారు తక్కువ.

తాడిపత్రి నుంచి మద్రాసుకు..

1912 జులై 1న కె.వి.రెడ్డి జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయి తల్లి, మేనమామల పోషణలో పెరిగారు. తాడిపత్రికి అప్పటికే నాటక వాసన ఉంది. సుప్రసిద్ధ రంగస్థల నటుడు బళ్లారి రాఘవ 1880లో పుట్టింది ఆ ఊళ్లోనే. ఆంధ్ర నాటక పితామహునిగా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు కూడా ఈ జిల్లా వారే. అలాంటి సీమలో పుట్టినా కె.వి.రెడ్డి ముఖానికి రంగు పూసుకున్న నటుడు కారు, పద్యం కట్టిన కవి కారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం చదివిన పట్టభద్రుడు.

సినీరంగంలో ఆయన తొలి కొలువు కూడా కళకు సంబంధించినది కాదు. రోహిణీ సంస్థ 1938లో గృహలక్ష్మి చిత్రం నిర్మిస్తున్నప్పుడు అందులో క్యాషియరుగా చేరారు. అనంతరం బి.ఎన్.రెడ్డి సారథ్యంలోని వాహినీ సంస్థలో వందేమాతరం, సుమంగళి, దేవత చిత్రాలకు నిర్మాణ వ్యవహారాలు చూశారు. రూపాయి ఎక్కడ ఖర్చవుతున్నదో, గంట ఎక్కడ వృథా అవుతున్నదో ఆ రోజుల్లోనే ఆయనకు బోధపడింది. చిన్ననాటి మిత్రుడు, తాడిపత్రికే చెందిన వ్యాపారవేత్త మూలా నారాయణస్వామి వాహినీలో భాగస్వామి కావడం ఆయనకు అండగా నిలిచింది. 1943లో విడుదలైన భక్త పోతనతో దర్శకులయ్యారు. 1947లో యోగి వేమన తీశారు. కదిరి చేరువలోని కటారుపల్లిలో సమాధి అయినట్లు జనం కొలిచే వేమన కథను తెరకెక్కించి సొంత సీమ రుణం కొంత తీర్చుకున్నారు.

లియర్ రాజు తెలుగు తండ్రి అయిన వేళ..

17వ శతాబ్ది ఆరంభంలో షేక్స్‌పియర్ రాసిన కింగ్ లియర్ విషాదాంత నాటకం. ముసలి రాజు ముగ్గురు కుమార్తెలను పిలిచి తనపై ఎవరికెంత ప్రేమ ఉన్నదో చెప్పమంటాడు. పెద్దవారిద్దరూ ముఖస్తుతి చేస్తారు. నిజం పలికిన చిన్న కూతురు ఆగ్రహానికి గురవుతుంది. చివరకు రాజు, చిన్న కూతురు ఇద్దరూ ప్రాణాలు కోల్పోతారు.

1949లో వచ్చిన గుణసుందరి కథకు ఈ తొలి ఘట్టమే బీజం. రచన పింగళి నాగేంద్రరావుది. రాజు ఉగ్రసేనునిగా నాటకరంగంలో పేరుగాంచిన గోవిందరాజుల సుబ్బారావు నటించారు. పెద్ద కుమార్తెలిద్దరూ తమకు తండ్రే సర్వస్వమని మెప్పిస్తారు. పెళ్లయిన ఆడదానికి భర్తే ముందని గుణసుందరి అంటుంది. కోపించిన తండ్రి ఆమెను కురూపి, వికలాంగుడు అయిన దైవాధీనానికి కట్టబెడతాడు.

పోలిక ఇక్కడితో ముగిసి, తేడా ఇక్కడే మొదలవుతుంది. షేక్స్‌పియర్ నాటకంలో శిక్ష రాజ్యభాగం దక్కకపోవడం. తెలుగు చిత్రంలో శిక్ష పెళ్లి. రాజ్యం పంచే సమస్య సామాన్యునికి దూరం. కూతురిని ఎవరి చేతిలో పెట్టాలన్నది ప్రతి ఇంటి సమస్య. నాటకంలో గాలివానలో నిలువనీడ లేక అలమటించేది రాజు. చిత్రంలో ఇల్లు విడిచి కష్టాల పాలయ్యేది కూతురు. కన్నీరు తండ్రి నుంచి బిడ్డకు మారింది. ఆపై మహేంద్రమణి కోసం అన్వేషణ, శాపం, ఎలుగుబంటి రూపం వంటి ఘట్టాలతో కథ అవ్వలు చెప్పే రాజకుమారి కథల దారి పట్టి శుభంగా ముగుస్తుంది. షేక్స్‌పియర్ పేరు వినని పల్లెవాసులకూ అది తమ కథే అనిపించింది. నాటకంలోని లోతైన విషాదం ఈ మార్పులో పోయిందన్న మాట నిజమే. అయితే ముఖస్తుతిని నమ్మి నిజాన్ని దూరం చేసుకున్న తండ్రి గుణపాఠం మాత్రం పోలేదు.

నార్వే ఓడరేవు నుంచి తెలుగు మున్సిపాలిటీకి..

నాటకాన్ని తెరకు మలచడంలో ఆయన సాహసానికి 1954 నాటి పెద్దమనుషులు తార్కాణం. దీనికి ప్రేరణ నార్వే రచయిత హెన్రిక్ ఇబ్సన్ 1877లో వెలువరించిన నాటకం. సంఘానికి మూలస్తంభాలుగా చలామణి అయ్యేవారి బండారం అందులోని ఇతివృత్తం. ఓడల వ్యాపారి బెర్నిక్ ఊరికి పెద్ద. యౌవనంలో తాను చేసిన తప్పును బావమరిదిపైకి నెట్టి మచ్చ లేని మనిషిగా నిలబడ్డాడు. రైలుమార్గం రాబోతున్నదని తెలిసి చుట్టుపక్కల భూములు గుట్టుగా కొనిపెట్టుకున్నాడు. సరిగా మరమ్మతు కాని ఓడను సముద్రంలోకి పంపేందుకూ వెనుకాడలేదు. తీరా ఆ ఓడలో తన కొడుకే దొంగచాటుగా ఎక్కాడని తెలిసి కుప్పకూలుతాడు. చివరకు పౌరులంతా సన్మానించ వచ్చిన సమయంలో వారి ఎదుటే తప్పు అంగీకరిస్తాడు.

కె.వి.రెడ్డి ఈ కథను ఉన్నదున్నట్లు తీయలేదు. ఓడలు, రేవు వదిలేశారు. తెలుగునాట పెద్దమనిషి ఎక్కడ ఉంటాడని ఆలోచించి కథను మున్సిపాలిటీకి తెచ్చారు. పైకి ధర్మప్రభువు, లోపల స్వార్థపరుడు అయిన ఛైర్మన్ ధర్మారావు పాత్రను జంధ్యాల గౌరీనాథశాస్త్రి పోషించారు. ఆయన చుట్టూ వంతపాడే అనుచరులను, ఎదురుగా నిజాలు రాసే పత్రికా సంపాదకుడిని నిలిపారు. స్వాతంత్య్రం వచ్చి ఏడేళ్లు నిండని ఆ రోజుల్లో పట్టణ పాలన, కాంట్రాక్టులు, పదవులు జనానికి కొత్త అనుభవం. ఏ పట్టణం ప్రేక్షకునికైనా ధర్మారావు తన ఊరి మనిషిగానే తోచి ఉంటే ఆశ్చర్యం లేదు.

నాటకంలో కథంతా బెర్నిక్ ఇంటి తోటగదిలోనే నడుస్తుంది. బయట జరిగే సంగతులు పాత్రల మాటల ద్వారానే తెలుస్తాయి. వేదిక పరిమితి అది. తెరకు ఆ పరిమితి లేదు. అందుకే చిత్రం వీధుల్లోకి వచ్చింది. ఇబ్సన్ నాటకంలో నిజాన్ని మోసుకువచ్చేది అమెరికా నుంచి తిరిగి వచ్చిన లోనా అనే మహిళ. తెలుగు చిత్రంలో ఆ పని సంపాదకునితో పాటు తిక్క శంకరయ్యకూ అప్పగించారు. రేలంగి ధరించిన ఈ పాత్ర పిచ్చివాని మాటల చాటున పచ్చి నిజాలు పలుకుతుంది. పెద్దల ముందు నోరు మెదపలేని సమాజంలో వెర్రివాడికే నిజం చెప్పే స్వేచ్ఛ ఉంటుందన్నది మన పల్లెల అనుభవం. ఆ పాత్రకు తగ్గట్టు కొసరాజు తత్వాల ఫణితిలో రాసిన పాట ఊరూరా మారుమోగింది.

ఈ చిత్ర రచనకు కె.వి.రెడ్డి ఎంచుకున్నది కూడా నాటక రచయితనే. డి.వి.నరసరాజు రాసిన నాటకం అనే పేరు గల నాటకాన్ని మెచ్చి ఆయనకు తొలి సినిమా అవకాశం ఇచ్చారు. పెద్దమనుషులు ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం అందుకుంది.

స్టాప్‌వాచ్ పట్టిన దర్శకుడు..

నాటకంలో కాలం ప్రేక్షకుని చేతిలో ఉంటుంది. పద్యం నచ్చితే వన్స్ మోర్ అంటారు. నటుడు మళ్లీ అందుకుంటాడు. మూడు గంటల నాటకం ఆరు గంటలు సాగుతుంది. సినిమాలో అది సాధ్యం కాదు. ఈ సంగతి కె.వి.రెడ్డికి తెలిసినంతగా తెలిసిన వారు అరుదు. చిత్రీకరణకు ముందే స్క్రిప్టు పూర్తిగా సిద్ధం కావాలనేది ఆయన నియమం. ఒక్కో సన్నివేశానికి ఎంత సమయం పడుతుందో స్టాప్‌వాచ్‌తో లెక్క కట్టేవారు. భౌతికశాస్త్రం చదువు, క్యాషియరు పని రెండూ ఇక్కడ అక్కరకు వచ్చాయనుకోవచ్చు.

1957 నాటి మాయాబజార్ కూడా రంగస్థలంపై నలిగిన కథే. మూల భారతంలో లేని ఈ శశిరేఖా పరిణయ గాథను పొరుగున ఉన్న కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం వారు మాయలు, మంత్రాలతో ఊరూరా ఆడారు. తెరల చాటున తీగలు లాగి వారు చూపిన వింతలను కె.వి.రెడ్డి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ సాయంతో కెమెరాలో సాధించారు. పాండవుల కథలో పాండవులు తెరపై ఎక్కడా కనిపించకుండానే ప్రేక్షకులను చివరిదాకా కూర్చోబెట్టారు.

గయోపాఖ్యానం గెలుపు.. హరిశ్చంద్ర ఓటమి

చిలకమర్తి లక్ష్మీనరసింహం యౌవనంలో రాసిన గయోపాఖ్యానం తెలుగునాట మారుమూల పల్లెకూ చేరిన నాటకం. గంధర్వుడైన గయుడు ఆకాశాన పోతూ ఉమ్మిన తాంబూలం కృష్ణుని దోసిట పడుతుంది. కృష్ణుడు వధిస్తానని ప్రతిన పూనుతాడు. సంగతి తెలియక అర్జునుడు అభయమిస్తాడు. ప్రాణమిత్రులిద్దరూ మాటకు కట్టుబడి యుద్ధానికి దిగుతారు. వేదికపై ఈ నాటకానికి ప్రాణం కృష్ణార్జునుల వాగ్వాదం.

1963లో కె.వి.రెడ్డి దీనిని శ్రీకృష్ణార్జున యుద్ధముగా తీశారు. కృష్ణునిగా ఎన్టీఆర్, అర్జునునిగా ఏఎన్నార్ నటించారు. ఇక్కడ ఆయన చేసిన మార్పు గమనించదగినది. గయుని కథకు ముందు సుభద్రార్జునుల పరిణయాన్ని విస్తారంగా చూపారు. బావ, బావమరుదుల మధ్య నవ్వులు, చెలిమి కళ్లారా చూశాకే ప్రేక్షకుడు వారి యుద్ధాన్ని చూస్తాడు. కృష్ణార్జునుల మైత్రి అందరికీ తెలిసిందేనన్న భరోసా నాటకానిది. దాన్ని ముందు చూపి తర్వాతే చెదరగొట్టాలన్నది సినిమా తీరు. పద్యాలకు చోటిచ్చారు గానీ కథను పద్యాలకు వదిలివేయలేదు.

అయితే 1965లో ఎన్టీఆర్, ఎస్.వరలక్ష్మిలతో విజయా సంస్థకు తీసిన సత్య హరిశ్చంద్ర ఆశించిన ఫలితం ఇవ్వలేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం, కాటి సీనులో కలిపి పాడే జాషువా పద్యాలు అప్పటికే జనం నాలుకలపై ఉన్నాయి. పల్లెల్లో ఒక్క రాత్రికి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు మారి, ఎవరి సీనులో వారు గొంతు చూపే ఆనవాయితీ ఉంది. ఆ నాటకాన్ని చెవిలో నింపుకున్న ప్రేక్షకుడు తెరపై రాగం కోసం ఎదురుచూశాడే తప్ప కథ కోసం కాదేమో. లియర్‌ను, ఇబ్సన్‌ను తెలుగు చేసుకున్న చేతికి తెలుగువారి సొంత నాటకమే లొంగలేదు. పరాయి నాటకంలో ఎముకలు తీసుకుని కొత్త దేహం ఇవ్వవచ్చు. అందరికీ కంఠోపాఠమైన నాటకంలో ఒక్క వేలు కదిపినా జనం ఒప్పుకోరు. కె.వి.రెడ్డి జీవితం నేర్పే పాఠం ఇదే.

చివరి మజిలీ..

హరిశ్చంద్ర తర్వాత గడ్డుకాలం మొదలైంది. 1968లో వచ్చిన ఉమా చండీ గౌరీ శంకరుల కథ కూడా నిరాశపరిచింది. ఒకనాడు తిరుగులేని దర్శకునికి అవకాశాలు సన్నగిల్లాయి. ఆ దశలో ఎన్టీఆర్ తన సొంత సంస్థ చిత్రం శ్రీకృష్ణ సత్యను ఆయనకు అప్పగించారు. 1971లో విడుదలైన ఆ చిత్రం విజయం సాధించింది. అదే ఆయన చివరి చిత్రమైంది. 1972 సెప్టెంబరు 15న కె.వి.రెడ్డి కన్నుమూశారు.

2022లో జిల్లాల పునర్విభజనతో గోరంట్ల శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. తాడిపత్రి అనంతపురం జిల్లాలోనే నిలిచింది. పటం మీద గీత మారినా చిత్రావతి నీరు చివరకు పెన్నలోనే కలుస్తుంది. ఈ పల్లెల్లో గయోపాఖ్యానం పద్యం వినిపించిన రాత్రి, టీవీలో మాయాబజార్ వచ్చిన మధ్యాహ్నం రెండూ ఒకే మట్టి కథలు. నాటకం గొప్పదా, సినిమా గొప్పదా అన్న వాదన ఎప్పటికీ తెగకపోవచ్చు. దేని బలం దానికి ఉన్నదని, ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లేటప్పుడు ఏది మోయాలో, ఏది దించాలో తెలియాలని ఆ తాడిపత్రి బిడ్డ తన చిత్రాలతో చూపి వెళ్లారు.