కంటికీ చర్మానికీ మన సుబ్బారావు గారి మందులు

మనం ఉంటున్న ఈ సౌదీ అరేబియాలో, ఖతీఫ్, అల్ హసా వైపు ఖర్జూరపు తోటల ఊళ్లలో, ఒకప్పుడు ట్రకోమా అనే కంటి జబ్బు చాలా ఎక్కువగా ఉండేది. మొదట్లో కండ్లకలకలా కనిపిస్తుంది. చిన్నతనంలో మళ్లీ మళ్లీ సోకితే రెప్ప లోపలి పొర మచ్చలు కట్టి, రెప్ప లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు రెప్పవెంట్రుకలు కనుగుడ్డును గీరుతూ ఉంటాయి. అలా పెద్దయ్యాక చూపు పోతుంది. ఈగలు, మురికి చేతులు, అందరూ వాడే ఒకే తువ్వాలు, వీటి ద్వారా ఇది పాకుతుంది.

1950ల మధ్యలో అరామ్‌కో సంస్థ, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం కలిసి ఇక్కడ ఈ జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాయి. టీకా కోసం ఏళ్ల తరబడి శ్రమించారు గానీ, నిలకడగా కాపాడే టీకా రాలేదు. మంచి నీళ్లు, శుభ్రమైన ఇళ్లు, మందులు, ఇవే పని చేశాయి. ఆ మందుల్లో ముఖ్యమైనవి టెట్రాసైక్లిన్ జాతివి. ఆ జాతిలో మొట్టమొదటి మందు బయటకు వచ్చిన ప్రయోగశాలకు పెద్ద మన తెలుగువాడే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు కనుక ఈసారి ఆయన గురించి రాస్తున్నాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పిల్లలూ, ఆయన మొదటి నుంచీ ఫస్టు ర్యాంకుల విద్యార్థి అనుకోకండి. పదమూడో ఏట డబ్బు సంపాదిద్దామని ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరారు. తల్లి వెంకమ్మ గారు వెనక్కు రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. మద్రాసు వైద్య కళాశాలలో ఉండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది దొరగారైన ఆచార్యుడికి నచ్చలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో ఇద్దరు సోదరులు పోయారు. అదే జబ్బు తనకూ వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు నయం చేశారు. ఆ దెబ్బతోనే ఆయన పరిశోధన వైపు మళ్లారని మాకనిపిస్తుంది.

మామగారి సాయంతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. చదువు ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే గారితో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. కూడా ఆ ఇద్దరి చేతుల మీదుగానే వెలుగు చూశాయి. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన పరిశోధనలన్నిటికీ డైరెక్టర్ అయ్యారు. స్ప్రూకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందమే కృత్రిమంగా తయారు చేసింది. బోదకాలు పురుగును చంపే హెట్రజాన్ కూడా అక్కడిదే.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఆరియోమైసిన్‌ను సుబ్బారావు గారే కనిపెట్టారని మనవాళ్లు అభిమానంతో రాస్తూ ఉంటారు. మిస్సోరీ పొలంలోని మట్టి నుంచి, బంగారు రంగు పదార్థాన్ని తయారుచేసే సూక్ష్మజీవిని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్ గారు. ఆయన విశ్వవిద్యాలయంలో రిటైరై, డెబ్బై దాటిన వయసులో లెడర్లీలో చేరిన వృక్షశాస్త్రజ్ఞుడు. ఆ పనికి దారి వేసి, మనుషులను కూర్చి, వెనక నిలబడింది సుబ్బారావు గారు. ప్రాజెక్టులు నడిపే మా ఇంజనీర్లకు ఇది ఎంత కష్టమో తెలుసు. ఇది తక్కువ గొప్ప అని మేము అనుకోము.

1948లో ఆరియోమైసిన్‌ను లోకానికి ప్రకటించారు. ఆ ఏడాదే కంటి వైద్యులు దాన్ని కంటి జబ్బుల మీద పరీక్షించి చూశారు. అదే ఏడాది ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. భార్య శేషగిరి గారిని 1922 తరువాత ఆయన మళ్లీ చూడలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను ఆయన కళ్లారా చూడనే లేదు. ఊరికి ఏడాదికోసారి వెళ్లి వచ్చే మనకు ఈ ముక్క దగ్గర గొంతు పట్టేస్తుంది.

చర్మం సంగతి ఇంకా విచిత్రం. కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి కదా, దానికి అడ్డుపడే పదార్థాలను కూడా ఆయన బృందం చేసింది. వాటిలో ఒకటైన అమినోటెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గారు రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చారు. 1951లో అదే మందును కీళ్లవాతం రోగులకు ఇచ్చి చూస్తే, సోరియాసిస్ ఉన్నవారి చర్మం మీది పొలుసులు తగ్గాయి. సోరియాసిస్‌లో చర్మ కణాలు మితిమీరిన వేగంతో పెరుగుతాయి, ఈ మందు ఆ వేగానికి కళ్లెం వేస్తుంది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను చర్మ వైద్యులు నేటికీ వారానికొక మోతాదుగా రాస్తారు. కంటి లోపలి వాపు అయిన యువైటిస్‌కు కూడా ఇస్తారు. (రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పినట్టే వాడాలి సుమా!)

ట్రకోమాకు ఇప్పుడు ఎక్కువగా అజిత్రోమైసిన్ ఇస్తున్నారు. అది కుదరని పసిపిల్లలకు ఇప్పటికీ టెట్రాసైక్లిన్ కంటి మలాం రోజుకు రెండుసార్లు, ఆరు వారాలు వేస్తారు. ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను తుడిచిపెట్టిన దేశాల పట్టికలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సౌదీని చేర్చింది. 2024లో మన భారతదేశాన్ని కూడా చేర్చింది.