ఎనక్కి తిరిగే గడియారం

1998, 99 నాటి సంగతి. మా చల్లపల్లి, అవనిగడ్డ, గుడివాడ వైపు కుర్రోళ్లు అమీర్‌పేట ఎళ్లి కోబాల్ నేర్చుకుని, వైటూకే పనికి అమెరికా ఇమానం ఎక్కారు. ఆ కోబాల్ ఎనకాల ఓ ఆడమనిషి ఉందని మాత్రం నాకెవరూ చెప్పలా. ఆవిడ గ్రేస్ హాపర్.

1906లో న్యూయార్క్‌లో పుట్టింది. ఏడేళ్లప్పుడు అలారం ఎట్టా మోగుద్దో చూద్దామని ఇంట్లో ఏడు గడియారాలు ఇప్పేసింది. 1934లో యేల్‌లో లెక్కల డాక్టరేట్ తీసుకుంది. యుద్ధమప్పుడు నేవీలో చేరతానంటే వయసు మించింది, బరువు చాలదన్నారు. పట్టుబట్టి 1943లో చేరింది. మరుసటేడు హార్వర్డ్‌లో గదంత కంప్యూటర్ మార్క్-1 ముందు కూర్చుంది.

అప్పట్లో మిషన్‌కి అంకెల్లోనే చెప్పాలి. ఆ చాకిరీ మిషన్‌తోనే చేయించొచ్చని 1952లో తొలి కంపైలర్ రాసింది. తర్వాత ఇంగ్లీషు మాటలతో నడిచే ఫ్లో-మాటిక్ తెచ్చింది. 1959లో కమిటీ మొదలెట్టిన కోబాల్‌కి అదే పునాది.

నాకు అంతకన్నా గొప్పగా అనిపించే పని ఇంకోటుంది. కోబాల్ పేరు ఒకటే, తీరు కంపెనీకొకటి. ఒకళ్ల మిషన్‌లో నడిచే ప్రోగ్రాం ఇంకోళ్లదాంట్లో నడవదు. పొలం మోటారుకి వేరే కంపెనీ జాయింటు పట్టకపోతే రైతు పడే అవస్థే అది. 1967లో, రిటైరైన ఆవిణ్ణి నేవీ ఆరు నెలలకని పిలిచి ఏళ్లపాటు ఉంచేసుకుంది. ఆవిడ జట్టు పరీక్ష ప్రోగ్రాములు రాసింది. కంపైలర్ సరైనదో కాదో వాటితో తేల్చారు. కొన్నోడు ఒకే కంపెనీకి పాలేరు కాకుండా కాపాడిన పని అది.

అయితే పాతదాంతో సర్దుకుపోవడానికీ హద్దుంది. పంచ్ కార్డు మీద 80 అక్షరాలే పడతాయి. జాగా కలిసొస్తుందని 1965ని 65 అని రాసుకున్నారు. నాలుగంకెలు రాయొద్దని కోబాల్ అనలా. కార్డులు పోయినా, ఒకటి కదిపితే ఇంకోటి ఇరుగుద్దని దాన్నెవరూ ముట్టుకోలా. 2000 దగ్గరకొచ్చాక భయం పట్టుకుంది. 00 అంటే 1900 అనుకుంటే బ్యాంకు వడ్డీ, పింఛను లెక్కలు ఏం గాను? మనోళ్లకి వీసా తెచ్చింది ఆ భయమే.

హాపర్ మాత్రం ఆఫీసు గోడకి ఎనక్కి తిరిగే గడియారం పెట్టుకుంది. టైం సరిగ్గానే చూపిస్తది, అలవాటు మార్చుకోవాల్సింది చూసేవోడే. ఎప్పుడూ ఇట్టాగే చేశాం అనేవోళ్లకి అదే జవాబు. 1986లో 79 ఏళ్లకి రేర్ అడ్మిరల్‌గా దిగిపోయింది. 1992 జనవరి 1న కన్నుమూసింది. వైటూకే హడావుడి చూడనేలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దివిసీమోళ్లకి కరకట్ట సంగతి ఒకళ్లు చెప్పక్కర్లా. తాతల నాటిదని మొక్కి ఊరుకుంటే గండి పడుద్ది. కోపమొచ్చి తవ్వేస్తే ఊరే పోద్ది. నిలబెట్టుకుంటానే బాగుచేసుకోవాలి. అప్పుడు మనోళ్లు గండి పూడ్చే పనికి పోయారు, అది చిన్న పని కాదు. కానీ కట్ట ఎట్టా ఉండాలో తేల్చే చోట, పరీక్ష పెట్టే చోట కూర్చోవడం ఎప్పుడు? ఇకనుంచి మనం చూడాల్సింది ఆ కుర్చీ వైపు.

ఇంట్లో ఆడపిల్ల గడియారం ఇప్పితే మాత్రం కొట్టబాకండి.