ఫ్రాంకు హార్న్‌బీ: విప్పి కూర్చు బొమ్మబండి జనకుడు

రైలు స్టేషనులో మెయిలుబండి వచ్చినపుడు జనులందరు లేచి నిలుచుందురు. గూడ్సుబండి పోవునపుడు పెద్దలలో తల యెత్తి చూచువారు అరుదు. చూచువారు పిల్లలే. ఎన్ని పెట్టెలున్నవో వారు వ్రేళ్లపై లెక్కింతురు. దీనిలో బొగ్గు, దానిలో నూనె, చివరిది గార్డు పెట్టె యని ఒకరికొకరు చెప్పుకొందురు. ఊళ్లకు ఉప్పును బియ్యమును సిమెంటును మోసి తెచ్చునది ఈ గూడ్సుబండియే యయినను, దానియందు పిల్లలకు గల ప్రీతి పెద్దలకు లేదు. ఈ ప్రీతిని గుర్తెరిగి, అరచేతిలో ఇముడు గూడ్సు పెట్టెను చేయించి, దానిని విప్పి మరల కూర్చుకొను స్వేచ్ఛను పిల్లల కొసగిన యొక గుమాస్తా జీవితమును ఈ సంచికలో మా విద్యార్థులకు తెలుప గోరుచున్నాము.

ఫ్రాంకు హార్న్‌బీ 1863వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లండు దేశమందలి లివర్‌పూలు నగరములో జన్మించెను. లివర్‌పూలు గొప్ప రేవుపట్టణము. ఓడలు, ఓడలపై బరువులెత్తు క్రేనులు, రేవునుండి లోపలి పట్టణములకు సరకులు కొనిపోవు రైళ్లు ఆ నగరపు బాలురకు నిత్యము కానవచ్చు దృశ్యములు. తండ్రి జాను ఆహారపదార్థముల వర్తకుడు. బాలుడు చదువులో పేరు పొందినవాడు కాడు. పదునారవ యేట బడి విడిచి తండ్రి దుకాణములో డబ్బు లెక్కలు చూచు పనికి కుదిరెను. యంత్రశాస్త్రము నేర్పు కళాశాల గడప నతడు త్రొక్కలేదు.

అయినను అతని చేతులు ఊరకుండలేదు. స్వయంకృషిచే పైకి వచ్చిన యంత్రనిర్మాతల కథలను శామ్యూలు స్మైల్సు గ్రంథములో చదివి అతడు ఉత్తేజితు డయ్యెను. తనంత తానే యెల్లప్పుడు తిరుగు యంత్రమును చేయవలెనని బాల్యములో ప్రయత్నించెను. అట్టి యంత్రము ప్రకృతి నియమములకు విరుద్ధము గనుక అది తిరుగలేదు. ఆ విఫలప్రయత్నము వృథా పోలేదని మా తలంపు. లోహమును కోయుట, వంచుట, అతుకుట చేతికి అలవడుట ఇట్టి ప్రయత్నములవలననే గదా!

1887లో ఆయన క్లారా గాడ్‌ఫ్రాయి అను ఉపాధ్యాయినిని వివాహమాడెను. రోలండు, డగ్లసు అను కుమారులును పాట్రీషియా అను కుమార్తెయు కలిగిరి. 1899లో తండ్రి మరణించెను, దుకాణము మూతపడెను. నడివయస్సునకు చేరుచున్న హార్న్‌బీ ఎలియట్టు అను మాంసపు దిగుమతి వర్తకునియొద్ద లెక్కలు వ్రాయు గుమాస్తాగా చేరెను. చేతిలో ధనము లేదు. ఇంటిలో పిల్లలు ఆటవస్తువులు కోరుచుండిరి. కొనలేని తండ్రి తానే చేయ నారంభించెను. రాత్రివేళల రేకును కోసి వంతెనలను, బండ్లను, క్రేనులను చేసి కుమారుల కిచ్చుచుండెను.

ఇందులో ఒక చిక్కు కలదు. ఒక క్రేను చేయుటకు కోసిన ముక్క మరియొక వంతెనకు పనికిరాదు. ప్రతి బొమ్మకును ప్రతి ముక్కను మరల కోయవలెను. పగలంతయు లెక్కలు వ్రాసి అలసిన మనుష్యునికి ఇది తీరని శ్రమ. ఒక క్రిస్మసు పండుగ ముందటి రాత్రి రైలులో ప్రయాణము చేయుచు ఈ చిక్కునుగూర్చి చింతించుచుండగా, దానిని తప్పించు ఉపాయము తనకు స్ఫురించెనని ఆయన తరువాతి కాలమున చెప్పుకొనెను. ముక్కలన్నియు ఒకే వెడల్పున, అర అంగుళముగా నుండవలెను. వానిలో అర అంగుళమున కొకటి చొప్పున రంధ్రములుండవలెను. అప్పుడు ఏ ముక్కనైనను ఏ ముక్కతోనైనను బోల్టుతోను నట్టుతోను బిగింపవచ్చును. నేటి క్రేనును విప్పిన రేపటి వంతెన యగును. రంధ్రముల నడుమ దూరము మారకుండుటయే ఈ ఉపాయమునకు ప్రాణము.

ఈ కల్పనకు పేటెంటు పొందుటకు ఆయనవద్ద సొమ్ము లేకపోయెను. యజమానుడైన ఎలియట్టు ఐదు పౌనులు అప్పిచ్చెను. 1901లో పేటెంటు లభించెను. ఎలియట్టు పని చేసికొనుటకు స్థలము చూపి, పిమ్మట భాగస్వామియు నయ్యెను. 1902లో మెకానిక్స్ మేడ్ ఈజీ అను పేరుతో పెట్టెలు అమ్మకమునకు వచ్చెను. పెట్టెలో 16 రకముల ముక్కలును, 12 బొమ్మలను చేయు విధము చూపు పత్రమును ఉండెడివి. లివర్‌పూలు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు బోధించు ఆచార్య హెలె షా దీనిని పరిశీలించి మెచ్చుకొనెను. బడిలో మెప్పు పొందని మనుష్యుడు చేసిన వస్తువును విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మెచ్చుటను మా విద్యార్థులు గమనింతురుగాక.

మొదటి ముక్కలు పలుచని రేకుతో చేయబడినవి గనుక అంత గట్టివి కావు. హార్న్‌బీ తన వస్తువునందలి లోపము నెరిగి ముక్కలను గట్టిపరచెను. 1907లో మెక్కానో అను పేరు రిజిస్టరు చేయబడెను. 1908లో మెక్కానో కంపెనీ యేర్పడెను. 1914లో లివర్‌పూలునందలి బిన్సు రోడ్డులో గొప్ప కర్మాగారము తెరువబడెను. 1916లో మెక్కానో పత్రిక మొదలయ్యెను. అచటి బాలురు ఒకరు చేసిన బొమ్మను మరియొకరు తెలిసికొని, దానిని మార్చి తమదిగా చేసికొనుటకు ఆ పత్రిక తోడ్పడెను.

ఇక రైళ్ల సంగతి. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు బొమ్మరైళ్లు విశేషముగా జర్మనీనుండి ఇంగ్లండునకు వచ్చుచుండెను. యుద్ధానంతరము 1920లో హార్న్‌బీ తన పేరుగల రైలును వెలువరించెను. కీ యిచ్చి స్ప్రింగు బిగించిన నడచు ఇంజను, దాని వెనుక టెండరు, టెండరునకు తగిలించిన పైకప్పు లేని సరకుల పెట్టె యొకటి, పట్టాలు: ఇదియే ఆ రైలు. మెయిలుబండికి గాక గూడ్సుబండికి ఇట్లు తొలిస్థానము దొరకెను. పట్టాల నడిమి యెడము 32 మిల్లీమీటర్లు. ఇంజనుగాని సరకుల పెట్టెగాని రేకు నతికించి చేసినవి కావు. మెక్కానోవలెనే బోల్టులతోను నట్లతోను బిగింపబడినవి. రైలు కంపెనీ పేరు తెలుపు అక్షరములు సహితము విడిగా చేసి పెట్టె ప్రక్కలకు తగిలింపబడెను. కోరిన బాలుడు పెట్టెను పూర్తిగా విప్పి, ఏ భాగము దేనిని మోయుచున్నదో చూచి, మరల కూర్చవచ్చును. ఒక భాగము చెడిన దానిని మాత్రమే మార్చుకొనవచ్చును.

బొమ్మ గూడ్సుబండిని నడుపుట సులభమని తలచువారు ఒకసారి నడిపి చూడవలెను. స్ప్రింగు ఇంజను కీ యిచ్చిన వెంటనే మిక్కిలి వేగముగా పోవును; వెనుక బరువు లేనియెడల వంపులో పట్టాలు తప్పి పడును. తగినన్ని పెట్టెలు తగిలించినచో ఆ బరువే దానిని నిదానింపజేయును. వంపులో ఇంజను లాగునపుడు తేలికయైన పెట్టె లోపలి వైపునకు ఒరుగును. వెనుకకు నెట్టునపుడు వెలుపలి వైపునకు త్రోయబడును. కావున బరువు పెట్టెలను ఇంజను దగ్గర, ఖాళీ పెట్టెలను చివర ఉంచవలెను. ఖాళీ పెట్టె అప్పటికిని నిలువనియెడల దాని అడుగున చిన్న సీసపు ముక్క నమర్పవలెను. ఆ బరువు ఎంత క్రింద నున్న పెట్టె అంత స్థిరముగా నుండును. పైన నున్నయెడల తలక్రిందు లగును. ఒక పెట్టె మాటిమాటికి పట్టాలు తప్పుచున్నచో, చక్రముల నడిమి యెడము సరిగా నున్నదా, ఇరుసులు రెండును ఒకదానికొకటి సమాంతరముగా నున్నవా, కొక్కెము పొరుగు పెట్టె కొక్కెముతో సమానమైన ఎత్తున నున్నదా యని పరీక్షింపవలెను. ఇరుసు చివర ఒక నూనె చుక్క వేసినచో అదే ఇంజను ఇంకొక పెట్టెను లాగగలదు. నిజమైన రైల్వేలలోను బరువు సర్దుట, ఇరుసులను చూచుట, కొక్కెములను సరిచూచుట నిత్యము జరుగు పనులే. ఈ విధముగా పది పెట్టెల బొమ్మబండి ఒక చిన్న పాఠశాల యగుచున్నది.

క్రమముగా పాలపెట్టె, పశువుల పెట్టె, పెట్రోలు తొట్టి, దుంగలు మోయు బండి, క్రేను బండి, గార్డు పెట్టె మొదలగునవి వెలువడెను. 1925లో విద్యుచ్ఛక్తిచే నడచు రైలు వచ్చెను. 1928లో హార్న్‌బీ రైల్వే కంపెనీ యను పేరుతో బాలుర సంఘ మేర్పడెను. దానిలో చేరినవారు పెట్టెలను వేరుచేసి కూర్చుట, వేళల పట్టిక ప్రకారము బండ్లను నడుపుట అభ్యసించుచుండిరి. 1933లో రైలు ప్రక్కన నిలుపుటకై చేసిన చిన్న మోటారుబండ్లు మరుసటి సంవత్సరము డింకీ బొమ్మలను పేరుతో ప్రసిద్ధి కెక్కెను.

ఇచ్చట ఒక సంగతిని దాచక చెప్పవలెను. బోల్టులతో బిగించు పెట్టెల నిర్మాణము చిరకాలము సాగలేదు. కొన్ని యేండ్లకు రేకు అంచులను చీలికలలో దూర్చి మడచు పద్ధతి వచ్చెను. దానికి ఖర్చు తక్కువ. ఎక్కువమంది పిల్లలు కొనగలిగిరి. కాని మడచిన అంచును మాటిమాటికి విప్పిన అది విరుగును. విప్పి కూర్చుటకై పుట్టిన బొమ్మ కొంతవరకు కొని ఆడుకొను బొమ్మగా మారెను. అమ్మకము పెరిగినకొలది మొదటి తలంపు కొంత తరుగుట హార్న్‌బీ కంపెనీకే గాక అనేక సత్కార్యములకును కలిగినదే. దీనిని మేము నిందగా వ్రాయుట లేదు. చౌకగా నుండుటయు పేదపిల్లల యెడల ఒక విధమైన దయయే. అయినను ఏది పోయినదో తెలిసికొనుట మంచిది. సంతోషకరమైన విషయమేమనగా, ఉత్సాహవంతులు ఆ రేకు పెట్టెలను సహితము విడువలేదు. పైకప్పు లేని పెట్టెకు కప్పు వేసిరి, రంగు మార్చిరి, చక్రములు మార్చిరి, అరిగిన కొక్కెములకు క్రొత్తవి చేసిరి. శతాబ్ది గడచిన పిదపను ఆ పాత పెట్టెలను బాగుచేసి నడుపువారు నేటికిని ఉన్నారు.

అప్పుతో ప్రారంభించిన గుమాస్తా గొప్ప ధనవంతు డయ్యెను. 1931లో ఎవర్టను నియోజకవర్గమునుండి పార్లమెంటునకు ఎన్నికయ్యెను. 1935 ఎన్నికలలో మరల నిలువలేదు. 1936వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన, 73వ యేట, మరణించెను. లివర్‌పూలు సమీపమున తాను నివసించిన మాగల్ గ్రామపు దేవాలయ ప్రాంగణములో ఆయన దేహము సమాధి చేయబడెను. కుమారుడు రోలండు కంపెనీ బాధ్యత వహించెను. 1938లో, 16.5 మిల్లీమీటర్ల పట్టాలపై నడచు చిన్న రైళ్లు వచ్చెను. 1964లో కంపెనీ ఇతరుల వశమయ్యెను. 1979లో బిన్సు రోడ్డు కర్మాగారము మూతపడెను. అయినను హార్న్‌బీ పేరుతో బొమ్మరైళ్లును, మెక్కానో ముక్కలును లోకములో నిలిచినవి.

తలిదండ్రులకు ఒక మనవి. మీ కుమారుడు క్రొత్త బొమ్మను విప్పినాడని వెంటనే దండింపకుడు. వానిచేత దానిని మరల కూర్పింపుడు. విప్పుట కుతూహలము, కూర్చుట విద్య. మొదటిదానిని అణచినయెడల రెండవది ఎన్నటికిని రాదు. ఇరువదియేండ్లకు పైగా బోధించుచున్న మేము, లెక్కల తరగతిలో వెనుక బల్లపై కూర్చుండు బాలుడు చెడిన గడియారమును నడిపించుట చూచి సిగ్గుపడిన దినములు కలవు.

విద్యార్థులారా! మీలో కొందరికి అట్టి బొమ్మరైలు కొనుటకు శక్తి లేకపోవచ్చును. కొనలేని తండ్రి చేతులలోనే అది పుట్టినదని మరువకుడు. అగ్గిపెట్టెయు, రేకు ముక్కయు, రెండు ఇరుసులును దొరకినచో మీ మొదటి గూడ్సు పెట్టె సిద్ధమగును. అది పట్టాలు తప్పి పడినపుడు పారవేయక, ఎందుకు పడినదో చూడుడు.