గ్రహాన్ని వరసగా ఫోటోలు తీసిన జాన్సెన్

గుంటూరు అంటే మనకు మిరపకాయలే గుర్తుకొస్తాయి. సైన్సు చరిత్రలో మాత్రం ఆ ఊరి పేరు గ్రహణం వల్ల ఉంది. 1868లో ఆ గ్రహణం చూడటానికి ఫ్రాన్సు దేశం నుంచి ఓడలో వచ్చిన శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్. హీలియం గురించి చెప్పేటప్పుడు ఆయన పేరు ఒక్క లైనులో చెప్పి వదిలేస్తారు. ఆయన చేసిన ఇంకో పని నాకు ఎక్కువ నచ్చింది. అందుకే ఈసారి మన గోడపత్రికకు ఆయన గురించి రాస్తున్నాను.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్ నగరంలో పుట్టారు. తండ్రి సంగీతం వాయించేవారు. చిన్నప్పుడు జరిగిన ప్రమాదంలో కాలు దెబ్బతిని, జీవితమంతా కుంటుతూనే నడిచారు. అందువల్ల బడికి సరిగ్గా వెళ్ళలేదు. ఇంట్లో డబ్బుకు ఇబ్బందై చిన్న వయసులోనే బ్యాంకులో పనికి చేరారు. పని చేస్తూనే చదువుకున్నారు. మనం పదిహేను పదహారేళ్ళకు టెన్త్ రాస్తాం కదా, ఆయన స్కూలు చదువు ఆఖరి పరీక్ష పాసయ్యేసరికి 25 ఏళ్ళు వచ్చాయి. 1852లో లెక్కల్లో డిగ్రీ, 1860లో డాక్టరేటు. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళు వెనకబడిపోతారని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

గ్రహణం పూట మా ఊళ్ళో రోకలి నిలబెట్టి అందరూ ఇంట్లోనే ఉంటారు. ఈయన గ్రహణం కోసం సముద్రాలు దాటి వచ్చి గుంటూరులో ఒక ఫ్రెంచి వ్యాపారి ఇంట్లో దిగారు. టెన్నంట్ అనే ఇంగ్లీషు అధికారి బృందం కూడా అప్పుడు అదే ఊళ్ళో ఉంది. 1868 ఆగస్టు 18న సూర్యుడు ఐదు నిమిషాలకు పైగా పూర్తిగా కప్పబడ్డాడు. జాన్సెన్ టెలిస్కోపుకు వర్ణపటదర్శిని బిగించి, సూర్యుడి అంచు మీద లేచే ఎర్రటి మంటలను చూశారు. వాటి వెలుగులో మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి కాగుతున్న వాయువులు. ఆ గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనిపిస్తాయి అనుకున్నారు. మర్నాడు పొద్దున్నే మామూలు సూర్యుడి వైపు పెట్టి చూశారు. కనిపించాయి!

కాకినాడ నుంచి పారిస్‌కు ఉత్తరం రాశారు. అది అక్కడికి చేరిన రోజే, ఇంగ్లండులో లాకియర్ అనే ఆయన కూడా ఇదే కనిపెట్టానని రాసిన ఉత్తరం చేరింది. ఇద్దరి బొమ్మలూ ఒకే పతకం మీద వేశారు. హీలియం జాన్సెన్ ఒక్కరే కనిపెట్టారని కొన్ని గైడ్లలో ఉంటుంది, అది సరి కాదు. పసుపు గీతను పట్టుకుని అది కొత్త మూలకం అన్నది లాకియరే.

1870లో పారిస్‌ను జర్మన్ సైన్యం చుట్టుముట్టింది. లోపలివాళ్ళు బయటికి పోలేరు. అయినా డిసెంబరు 2న జాన్సెన్ బెలూన్ ఎక్కి సైన్యం నెత్తి మీదుగా దాటిపోయారు. ఎందుకంటే అల్జీరియాలో గ్రహణం ఉంది. అంత కష్టపడి పోతే ఆ రోజు మబ్బులు కమ్మాయి. ఏమీ కనపడలేదు.

ఇప్పుడు నాకు నచ్చిన సంగతి. శుక్రగ్రహం అరుదుగా సూర్యుడి ముందు నుంచి చిన్న నల్ల చుక్కలాగా నడుస్తుంది. దీన్ని అంతర్యానం అంటారు. శుక్రుడు సూర్యుడి అంచును దాటి లోపలికి వచ్చే సమయాన్ని సెకనుతో సహా వేరువేరు దేశాల నుంచి రాసుకుంటే సూర్యుడి దూరం లెక్క కట్టవచ్చు. చిక్కు ఎక్కడంటే, చూరు నుంచి పడబోయే నీటిబొట్టు సాగినట్టు ఆ చుక్క సూర్యుడి అంచుకు అతుక్కుని సాగినట్టు కనిపిస్తుంది. 1769లో పక్కపక్కనే నిలబడి చూసినవాళ్ళు కూడా వేరే వేరే సెకన్లు రాశారు. ఎవరి కన్ను నిజం?

జాన్సెన్ కన్నును నమ్మడం మానేసి కెమెరాను నమ్మారు. అదీ ఒక్క ఫోటో కాదు. రివాల్వర్‌లో గుళ్ళ చక్రం తిరిగినట్టు, వెండి పూత పూసిన గుండ్రటి రేకు గడియారం యంత్రంతో కొంచెం తిరిగి ఆగుతుంది, ఫోటో పడుతుంది, మళ్ళీ తిరుగుతుంది. 72 సెకన్లలో 48 ఫోటోలు. 1874 డిసెంబరు 9న జపాన్‌లోని నాగసాకి కొండ మీద దీన్ని వాడారు. బ్రెజిల్ నుంచి వచ్చిన అల్మీడా అనే యువకుడు ఆ బృందంలో ఉన్నాడు. జాన్సెన్ గారి భార్య హెన్రియెట్ కూడా అంత దూరం వెళ్ళారు.

ఆ సంవత్సరం అన్ని దేశాలవాళ్ళు తీసిన ఫోటోల వల్ల కూడా సూర్యుడి దూరం అనుకున్నంత కచ్చితంగా తేలలేదు. గాలి కదలిక వల్ల అంచులు మసకగా పడ్డాయి. కానీ వరసగా తీసే పద్ధతి మిగిలిపోయింది. మారే అనే ఆయన అది చూసి 1882లో తుపాకీ లాంటి కెమెరా చేసి ఎగిరే పక్షులను తీశారు. 1895లో లూమియేర్ సోదరులు సినిమా తీస్తే, పడవ దిగి వస్తున్న జనంలో ముసలి జాన్సెన్ కూడా ఉన్నారు!

ఇప్పుడు గురుగ్రహాన్ని, శనిని తీసేవాళ్ళు చేసేది ఈ పనే. కెమెరాను టెలిస్కోపుకు బిగించి వీడియో తీస్తారు. వాగు అడుగున గులకరాయి నీళ్ళు కదిలితే వంకరగా, నిలిస్తే చక్కగా కనిపిస్తుంది కదా, గాలి వెనక గ్రహమూ అంతే. వేల బొమ్మల్లో గాలి నిలిచిన క్షణాలవి ఏరి, ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. మామూలు వీడియోలో కెమెరా బొమ్మను కుదించి దాస్తుంది, సన్న గీతలు పోతాయి. రా వీడియో అంటే కెమెరా సెన్సరు పట్టినదాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచడం. చాలా చోటు పడుతుంది గానీ గురుడి చారలు మిగులుతాయి.

జాన్సెన్ తర్వాత పారిస్ దగ్గర మ్యూడాన్‌లో వేధశాల పెట్టి వేల సూర్యుడి ఫోటోలు తీయించారు. 66 ఏళ్ళ వయసులో, నడవలేకపోయినా, మనుషులు లాగే బండి మీద 4,800 మీటర్లకు పైగా ఎత్తున్న మాంట్ బ్లాంక్ మంచుకొండ ఎక్కారు. 1893లో దాని శిఖరం మీద వేధశాల కట్టించారు. పునాది మంచు మీదే కాబట్టి అది మెల్లగా కుంగిపోయింది. అది పూర్తిగా మూతపడేది ఆయన చూడలేదు. 1907 డిసెంబరు 23న మ్యూడాన్‌లో చనిపోయారు.

చంద్రుడి మీద దక్షిణం వైపు ఒక పెద్ద గుంటకు ఆయన పేరు పెట్టారు. వెడల్పు దాదాపు 200 కిలోమీటర్లు. అమావాస్య అయిన నాలుగైదు రోజులకు బైనాక్యులర్‌తో దొరుకుతుంది.

— 9వ తరగతి విద్యార్థిని