ఇంటి మేడ మీద కార్డుల అంగడి

మదనపల్లె నుంచి కదిరి దారిలో వెళ్తే అంగళ్లు అనే ఊరొస్తుంది. మన వైపు దుకాణాన్ని అంగడి అనే కదా అంటాం! ఊరి పేరులోనే బజారు ఉందన్నమాట. సెల్‌ఫోన్లు రాకముందు డిసెంబరు నెల పడిందంటే చాలు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం బజార్లలో పుస్తకాల అంగళ్ల ముందు దారాలు కట్టి గ్రీటింగ్ కార్డులు వేలాడదీసేవాళ్లు. కొత్త సంవత్సరానికి కొన్ని, సంక్రాంతికి కొన్ని. చేతిలో డబ్బులు చాలని ఆడపిల్లలు ఆ కార్డుల్ని చూసొచ్చి, ఇంట్లో తామే చేసుకునేవాళ్లు.

ఎలా చేసేవాళ్లో గుర్తుందా? బెండకాయను అడ్డంగా కోసి, స్టాంపు ప్యాడు ఇంకులో అద్ది పువ్వులు వేయడం. పాత పెళ్లిపత్రికల్లోని వినాయకుడి బొమ్మల్ని, బంగారు రంగు అంచుల్ని జాగ్రత్తగా కత్తిరించి అంటించడం. పైన కాస్త మెరుపుల పొడి చల్లడం. ఆ నాలుగు రోజులూ ఇంటి నిండా కాగితం ముక్కలే, గచ్చు మీద జిగురు మరకలే. పనీపాటా లేని పని అని పెద్దవాళ్ల విసుగు సరేసరి.

సరిగ్గా ఆ పనీపాటా లేని పనితోనే ముప్పై ఏళ్లపాటు వ్యాపారం నడిపి, ఎందరో ఆడవాళ్ల చేతికి నాలుగు డబ్బులు అందేలా చేసినామె ఒకరున్నారు. పేరు ఎస్తర్ హౌలండ్. ఆమెది మన దేశం కాదు, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, వూస్టర్ పట్టణం. కాలం కూడా ఇప్పటిది కాదు, నూట డెబ్భై ఏళ్ల నాటి మాట. అయినా ఆమె కథలో మన ఇళ్లలో జరిగేవే చాలా కనిపిస్తాయి.

అమ్మ రాసింది, నాన్న అమ్మాడు

ఎస్తర్ 1828 ఆగస్టు 17న పుట్టింది. తండ్రి సౌత్‌వర్త్ హౌలండ్‌కి ఊళ్లో పెద్ద పుస్తకాల అంగడి ఉండేది. కాగితాలు, కలాలు, సిరా కూడా అక్కడే దొరికేవి. తల్లి పేరు కూడా ఎస్తరే. ఆమె తక్కువ ఖర్చుతో సంసారం నడపడం, వంట చేయడం ఎలాగో చెబుతూ 1840లలో ఒక పుస్తకం రాసింది. అది బాగానే అమ్ముడుపోయింది. అమ్మ పుస్తకం రాయడం, నాన్న దాన్ని అంగట్లో పెట్టి అమ్మడం చూస్తూ పెరిగిన పిల్లకి కాగితమంటే చదువు ఒక్కటే కాదు, సంపాదన కూడా అని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు కదా!

ఆ రోజుల్లో ఆడపిల్లల పైచదువులకు పేరుపొందిన మౌంట్ హోలియోక్ సెమినరీలో ఎస్తర్ చదువుకుంది. మేరీ లయన్ అనే విద్యావేత్త 1837లో దాన్ని మొదలుపెట్టారు. అక్కడ అమ్మాయిలు చదువుతో పాటు వంట, శుభ్రం చేయడం లాంటి పనులన్నీ తామే పంచుకుని చేసుకోవాలి. ఒకరు రొట్టె చేస్తే, ఇంకొకరు గిన్నెలు కడగాలి. పెద్ద పనిని ముక్కలు చేసి పది చేతులకు పంచితే ఎంత సులువవుతుందో ఎస్తర్‌కి అక్కడే తెలిసి ఉండాలి. 1847లో ఆమె చదువు పూర్తయింది.

ఇక్కడో తమాషా ఉంది. ఆ మరుసటి ఏడాది, 1848 ఫిబ్రవరిలో, ప్రేమికుల రోజు కార్డులు ఎవరూ పంపకూడదని మేరీ లయన్ తన విద్యార్థినులకు గట్టిగా చెప్పారు. అప్పుడక్కడ చదువుతున్న ఎమిలీ డికిన్‌సన్, అంటే తర్వాత గొప్ప కవయిత్రిగా పేరు తెచ్చుకున్నామె, ఇంటికి రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఉంది. ఆ బడి నుంచి అప్పుడే బయటికొచ్చిన ఎస్తర్ మాత్రం ఆ కార్డులతోనే బతుకుదారి వెతుక్కుంటోంది!

సముద్రం దాటొచ్చిన కార్డు

చదువు ముగించుకుని ఇంటికొచ్చిన రోజుల్లో ఎస్తర్‌కి ఇంగ్లండు నుంచి ఒక కార్డు వచ్చింది. తండ్రితో వ్యాపారం చేసే ఒకాయన పంపించాడట. చుట్టూ సన్నని లేసు అంచు, మధ్యలో రంగురంగుల పూలు. ఆ లేసు దారంతో అల్లింది కాదు, కాగితంతో చేసింది.

ఈ కాగితపు లేసు ఎలా చేస్తారో తెలుసా? ఉబ్బెత్తు నగిషీ చెక్కిన లోహపు అచ్చు మీద కాగితం పెట్టి గట్టిగా నొక్కుతారు. నగిషీ కాగితం మీదికి పొంగుతుంది. ఆ పొంగిన చోట్లను ఆకురాయితో మెల్లగా అరగదీస్తే అక్కడక్కడ చిన్నచిన్న రంధ్రాలు పడతాయి. దూరం నుంచి చూస్తే అచ్చం అల్లిక లేసే. 1830లలో ఇంగ్లండులో ఈ పద్ధతి వచ్చింది. ఇక జర్మనీలో రంగుల్లో అచ్చువేసి, అచ్చుతోనే అంచులు కోసిన పువ్వులు, పక్షులు, పసిపిల్లల బొమ్మలు తయారయ్యేవి. ఇప్పుడు మన పిల్లలు డై కట్‌లు అంటున్నారే, అవే ఇవి!

అమెరికాలో ఇలాంటి కార్డులు దొరకకపోలేదు కానీ, మంచివి ఇంగ్లండు నుంచే రావాలి. ధర ఎక్కువ. ఇంతకంటే అందంగా నేనే చేయగలను కదా అనుకుంది ఎస్తర్. తండ్రికి చెప్పి ఇంగ్లండు నుంచి కాగితపు లేసు, ఇతర చోట్ల నుంచి రంగు కాగితాలు, బొమ్మలు తెప్పించుకుంది. ఓ డజను కార్డులు చేసింది. అన్నదమ్ముల్లో ఒకరు తండ్రి అంగడి సరుకు అమ్మడానికి ఊళ్లు తిరుగుతుండేవాడు. అతని సంచిలో ఈ నమూనాలు పెట్టి పంపింది. రెండు వందల డాలర్ల ఆర్డర్లు వస్తే చాలనుకుంది. అతను తిరిగొచ్చేటప్పటికి చేతిలో ఐదు వేల డాలర్లకు పైగా ఆర్డర్లు ఉన్నాయి!

ఇంత గిరాకీ ఎందుకొచ్చిందంటే, ఒక కారణం తపాలా. 1845లో, మళ్లీ 1851లో అమెరికాలో ఉత్తరాల రేట్లు బాగా తగ్గించారు. మన దేశంలోనూ 1854లో అర్ధణాకే ఉత్తరం దేశమంతా వెళ్లే ఏర్పాటు వచ్చింది. ఉత్తరం చవకైతే మామూలు మనుషులు కూడా దూరాన ఉన్నవాళ్లకు పలకరింపులు పంపుకుంటారు కదా.

బల్ల చుట్టూ స్నేహితురాళ్లు

ఐదు వేల డాలర్ల సరుకు ఒక్కతే చేయడం ఎక్కడవుతుంది? వద్దనుకుని ఊరుకుంటే ఈ కథే లేదు. ఎస్తర్ స్నేహితురాళ్లను పిలిచింది. ఇంటి మూడో అంతస్తులో ఒక గది ఖాళీ చేసి, పొడవాటి బల్ల వేసింది. ఒకమ్మాయి బొమ్మలు కత్తిరించాలి. ఇంకొకమ్మాయి వెనక రంగు కాగితం పరవాలి. మరొకమ్మాయి దాని మీద లేసు అంటించాలి. ప్రతి నమూనాకీ మొదటి కార్డు ఎస్తర్ చేతిదే. దాన్ని చూసి మిగిలినవాళ్లు చేస్తారు. చివరికి ప్రతి కార్డూ మళ్లీ ఎస్తర్ చేతికి రావాలి. నచ్చకపోతే వెనక్కే. 1850 ఫిబ్రవరిలో వూస్టర్ పత్రికలో ఆమె కార్డుల ప్రకటన కూడా వచ్చింది.

ఫ్యాక్టరీలో పనిని ముక్కలుగా విడదీసి వరసలో చేయించే పద్ధతి అనగానే అందరికీ మోటారు కార్ల ఫోర్డు గుర్తొస్తాడు. ఆయన కదిలే పట్టీ మీద కార్లు బిగించడం 1913లో మొదలుపెట్టాడు. పట్టీ లేదు, యంత్రం లేదు కానీ, పని పంచే కిటుకు మాత్రం అరవై ఏళ్ల ముందే ఒక ఇంటి మేడ మీద ఆడపిల్లలు వాడేశారు.

గిరాకీ పెరిగాక బల్ల చాలలేదు. ఇల్లు వదిలి రాలేని ఆడవాళ్లూ ఉంటారు కదా! చంటిబిడ్డల తల్లులు, ముసలివాళ్లను చూసుకోవలసినవాళ్లు. వాళ్ల కోసం ఎస్తర్ ఒక ఏర్పాటు చేసింది. ఒక పెట్టెలో కావలసిన లేసు, రంగు కాగితం, బొమ్మలు, పైన చేసిన నమూనా కార్డు ఒకటి పెట్టి బండి మీద ఇంటికి పంపేది. వారం తర్వాత బండివాడు వచ్చి తయారైన కార్డులు తీసుకెళ్లేవాడు. మన దగ్గర చింతపండు గింజలు తీయడానికో, అగరొత్తులు చుట్టడానికో ఇంటికి సరుకు తెచ్చుకున్న అక్కచెల్లెళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. అలాంటి పనిలో కూలి ఎంత గిట్టుతుందో కూడా వాళ్లకు తెలుసు. ఎస్తర్ మాత్రం కూలి విషయంలో పిసినారితనం చూపలేదని పేరు.

లేసు వెనక రంగు, రంగు వెనక స్ప్రింగు

ఎస్తర్ కార్డుల గొప్పతనమేమిటి? తెల్ల లేసును తెల్ల కాగితం మీద అంటిస్తే నగిషీ కనబడదు. ఆమె ఏం చేసిందంటే, లేసు కింద ఎర్రదో నీలిదో రంగు కాగితం ముక్క పెట్టింది. లేసు రంధ్రాల్లోంచి రంగు తొంగి చూస్తుంది. పట్టు చీర మీద పల్చటి జరీ వోణీ వేసినట్టన్నమాట.

రెండోది ఇంకా తమాషా. కాగితాన్ని సన్నని పట్టీగా కోసి, విసనకర్రలా ముందుకూ వెనక్కూ మడతలు పెట్టి, దాన్ని లేసుకీ కార్డుకీ మధ్య అంటించేది. అదొక చిన్న స్ప్రింగు. కవరులో పెడితే అణిగిపోతుంది. బయటికి తీస్తే లేసు పైకి లేచి నిలబడుతుంది. దాని లోపల పూలబొమ్మ చిన్న పెట్టెలో దాచినట్టు కనబడుతుంది.

కవిత మాత్రం పైన ఉండేది కాదు, కార్డు లోపల చిన్న కాగితం మీద ఉండేది. కొనేవాళ్లకు బొమ్మ నచ్చి మాటలు నచ్చకపోతేనో? దానికీ దారి చూపింది. 1879లో 131 కవితలతో ఒక చిన్న పుస్తకం వేయించింది. అందులోంచి నచ్చినది ఎంచుకుని పాతదాని మీద అంటించుకోవచ్చు. ఐదు సెంట్ల చిన్న కార్డు నుంచి పదుల డాలర్ల ఖరీదైన కార్డు దాకా ఆమె దగ్గర దొరికేవి. కార్డు వెనక మూలన ఎర్ర సిరాతో ఒక చిన్న హెచ్ అక్షరం ఉండేది. అది హౌలండ్ గుర్తు. ఈ కాలంలో పాత కార్డులు సేకరించేవాళ్లు ముందు వెనక్కి తిప్పి వెతికేది ఆ అక్షరాన్నే.

కూర్చున్న చోటి నుంచే

1866లో ఎస్తర్ మోకాలికి పెద్ద దెబ్బ తగిలింది. కొన్నేళ్లు చక్రాల కుర్చీకే పరిమితమైంది. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు. కాలు కదలకపోయినా చేయి ఆగలేదు. కుర్చీలో కూర్చునే కార్డులు దిద్దింది, పనివాళ్లను నడిపింది. వ్యాపారం పెరిగి న్యూ ఇంగ్లండ్ వాలెంటైన్ కంపెనీ అయింది. మేడ మీది గది వదిలి ఊళ్లో పెద్ద భవనానికి మారింది. ఏడాదికి లక్ష డాలర్ల దాకా అమ్మకాలు ఉండేవని చెబుతారు. ఆ కాలానికి అది చాలా పెద్ద మొత్తం.

అంతలో తండ్రి ఆరోగ్యం పాడైంది. ఆయన్ను చూసుకోవడానికి ఎస్తర్ 1880 ప్రాంతంలో వ్యాపారాన్ని అమ్మేసింది. కొన్నది అదే ఊళ్లో కార్డులు చేసే జార్జ్ విట్నీ. యాభై దాటిన వయసులో, తన చేత్తో నిలబెట్టిన సంస్థను వదిలి ఆమె రోగి మంచం పక్కన కూర్చుంది. నాన్న మీద ప్రేమతోనే వదిలింది, నిజమే. కానీ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ముందుగా ఆగేది ఆడవాళ్ల పనే అన్నది అక్కడైనా ఇక్కడైనా ఒకటే. కొడుకులూ ఉన్న ఇల్లే అది!

విట్నీ కంపెనీ క్రమంగా యంత్రాలతో కార్డులు చేయించి ఇంకా పెద్దదైంది. రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం కరువొచ్చి 1942లో మూతపడింది. ఎస్తర్ అదంతా చూడలేదు. 1904 మార్చి 15న క్విన్సీ పట్టణంలో కన్నుమూసింది. దేశమంతటా ప్రేమ కబుర్లు మోసిన కార్డులు చేసినామె చివరిదాకా ఒంటరిగానే ఉండిపోయిందని చాలామంది జాలిపడుతూ రాశారు. ఆమె దాన్ని లోటనుకుందో లేదో మనకెలా తెలుస్తుంది? పని, సంపాదన, చుట్టూ స్నేహితురాళ్లు... అవైతే నిండుగానే ఉన్నాయి.

అమెరికా వాలెంటైన్ల తల్లి అని ఆమెను పిలుస్తారు. ఆమెకంటే ముందే అక్కడ ఆ కార్డులు చేసినవాళ్లు ఉన్నారని ఇప్పుడు పరిశోధకులు తేల్చారు. అయినా ఆమె చేసిన పని చిన్నదైపోదు. తోచక చేసే పని అనుకున్నదాన్ని, ఇంట్లో ఉండే ఆడవాళ్లకు కూలి వచ్చే పనిగా మార్చింది ఎస్తరే.

మీరూ చేసి చూడండి

ఈ పండగకి పిల్లలను కూర్చోబెట్టి ఎస్తర్ కార్డు ఒకటి చేయించండి. కేకుల కింద వేసే కాగితపు లేసు ఫ్యాన్సీ అంగళ్లలో దొరుకుతుంది. దాని కింద ముదురు రంగు కాగితం పెట్టండి. వేలెడు వెడల్పు కాగితం పట్టీలు నాలుగు విసనకర్ర మడతలు పెట్టి, నాలుగు మూలలా లేసు కింద అంటించండి. జిగురు తక్కువ రాయండి, ఎక్కువైతే మడత విప్పుకోదు. మధ్యలో బెండకాయ అచ్చు పువ్వు వేయండి. ఇంకు బాగా ఆరాకే కవరులో పెట్టండి. చెప్పదలుచుకున్న మాట లోపల రాయండి.

చివరగా ఒక్క సంగతి. కార్డు వెనక్కి తిప్పి, మూలన మీ పేరులోని మొదటి అక్షరం ఎర్ర సిరాతో వేయడం మరచిపోకండి!