తండ్రి పేరు చాటున లారెన్స్ బ్రాగ్

కాలేజీలో బ్రాగ్ సమీకరణాన్ని బట్టీ పట్టినవాళ్లు మన పూర్వ విద్యార్థుల్లో చాలామందే ఉంటారు. దాన్ని రాసింది 22 ఏళ్ల కుర్రాడని మాకెవరూ చెప్పలేదు.

విలియం లారెన్స్ బ్రాగ్ 1890లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టారు. తండ్రి విలియం హెన్రీ బ్రాగ్ అక్కడే ప్రొఫెసర్. పిల్లవాడు మూడు చక్రాల సైకిల్ మీంచి పడి మోచేయి విరగ్గొట్టుకుంటే, రాంట్‌జెన్ అప్పుడే కనిపెట్టిన ఎక్స్-కిరణాలతో ఆ చేతిని ఫొటో తీశారు తండ్రి.

1912లో మ్యూనిక్‌లో లావే బృందం స్ఫటికం గుండా ఎక్స్-కిరణాలు పంపితే ఫొటో ప్లేటు మీద చుక్కలు పడ్డాయి. కేంబ్రిడ్జిలో అప్పుడప్పుడే పరిశోధన మొదలుపెట్టిన లారెన్స్ వాటికి తేలికైన అర్థం చెప్పారు. స్ఫటికంలోని పరమాణువుల పొరలు అద్దాల్లా కిరణాలను తిప్పికొడతాయి. పొరల మధ్య దూరం, కిరణం వాలు, తరంగదైర్ఘ్యం మూడూ కుదిరితేనే చుక్క పడుతుంది. తండ్రి తయారుచేసిన స్పెక్ట్రోమీటర్‌తో ఇద్దరూ కలిసి వజ్రం లోపలి అమరికను కూడా తేల్చారు. ఉప్పులో విడివిడి అణువులే లేవు, సోడియం, క్లోరిన్ చదరంగం గళ్లలా పేర్చి ఉంటాయంటే కొందరు రసాయనవేత్తలు ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు.

అసలు ఆలోచన తండ్రిదేనని లోకం అనుకుంది. అది కొడుకుదేనని తండ్రి చెబుతూనే ఉన్నా, ఆ బాధ లారెన్స్‌ను చాలాకాలం వదల్లేదు. పెద్దవాళ్ల పేరున్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది అర్థమవుతుంది.

1915 సెప్టెంబరులో తమ్ముడు రాబర్ట్ గల్లిపోలీ యుద్ధంలో చనిపోయాడు. నవంబరులో తండ్రీకొడుకులకు కలిపి నోబెల్ ప్రకటించారు. లారెన్స్ వయసు 25. సైన్సులో అంత చిన్నవయసులో అది అందుకున్నవారు ఇంతవరకూ లేరు. ఆ సమయానికి ఆయన యుద్ధరంగంలో, శత్రువు ఫిరంగులు ఎక్కడున్నాయో శబ్దాన్నిబట్టి పసిగట్టే పనిలో ఉన్నారు. బస ఇచ్చిన చర్చి ఫాదరే వైన్ సీసా తెచ్చి పండగ చేశారట.

మా ఇంజనీర్లకు ఆయనతో ఇప్పటికీ పని పడుతూనే ఉంటుంది. చిప్పుల మీద వేసే పూతల మందం నానోమీటర్లలో ఉంటుంది. కిరణం నిటారుగా పడితే పూతను దాటి కింది పదార్థంలోకి పోతుంది, వచ్చే సంకేతమంతా దానిదే. అందుకే చెరువు మీద పిల్లలు పెంకు విసిరినట్టు, ఒక డిగ్రీ కన్నా తక్కువ వాలులో పంపుతాం. అప్పుడు కిరణం ఎక్కువ దూరం పూతలోనే నడుస్తుంది. పొరల మధ్య దూరం కాస్త మారినా పూత ఎంత బిగుసుకుందో తెలుస్తుంది. లెక్క మాత్రం 1912 నాటిదే.

1938లో ఆయన కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాల అధిపతి అయ్యారు. 1953లో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నమూనా కట్టింది ఆయన అధిపతిగా ఉన్న ఆ ప్రయోగశాలలోనే. తర్వాత లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బడిపిల్లలకు ప్రయోగాలు చేసి చూపిస్తూ ఉపన్యాసాలిచ్చారు. అక్కడ తోట లేక తోచక, పేరు చెప్పకుండా ఒకరింట్లో వారానికోరోజు తోటపనికి వెళ్లేవారని, ఇంటికొచ్చిన అతిథి గుర్తుపట్టడంతో గుట్టు బయటపడిందని చెబుతారు. 1971 జులై 1న కన్నుమూశారు.